పది కోట్ల ఒకటి

నాకు కోపం ఒక పట్టాన రాదు, వస్తే ఒక పట్టాన పోదు. మా ఇంట్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకునే విషయం ఇదొక్కటే. ఇంటర్మీడియెట్‌లో మాకు లెక్కలు చెప్పిన మాస్టారి మీద వచ్చిన కోపమైతే ముప్పై ఏళ్లు దాటినా తాజాగానే ఉంది. ఇంత కోపంలోనూ ఆయన్ని ఏకవచనంతో అనడానికి నోరు రాదు, అలా పెంచారు. అందుకని ఇందులో నేను ‘ఆయన’ అన్నప్పుడల్లా పళ్లు కొరుక్కుంటూ అన్నానని అర్థం చేసుకోండి.

ఆయన నా దగ్గర తీసుకున్నది నగా కాదు, నట్రా కాదు. ఒక లెక్క. దాన్ని తిరిగి ఇమ్మని నేను ఎప్పుడూ అనలేదు, ఇవ్వడానికి అది చేతిలో పట్టే వస్తువు కూడా కాదు. పది మంది ముందు నిలబడి ‘ఇది నాది కాదు, ఫలానా పిల్ల చెప్పింది’ అనాలి. నాకు కావలసింది ఆ ఒక్క మాట. అది అననందుకు పది మంది ముందే ఆయన నోరు మూతపడాలని కూడా కోరుకున్నాను, దాచుకోవడం దేనికి.

మాది భట్టిప్రోలు. రేపల్లె నుంచి వచ్చే ప్యాసింజరు ఎక్కి తెనాలి కాలేజీకి వెళ్లేదాన్ని. తెనాలి స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర ఆ బండిని ఆపేసేవాళ్లు. పక్క పట్టాల మీద గూడ్సు బండి నిలబడి ఉండేది. తోటి ఆడపిల్లలు జడలు సవరించుకుంటూ కబుర్లు చెప్పుకుంటుంటే నేను కిటికీలోంచి వ్యాగన్ల మీద పెయింటుతో రాసిన నంబర్లు చూస్తూ, అవి ఏడుతో పోతాయా లేదా అని తేల్చుకుంటూ ఉండేదాన్ని. రెండుకీ మూడుకీ అయిదుకీ తొమ్మిదికీ పదకొండుకీ కిటుకులు బళ్లో నేర్పారు. ఏడుకు మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ ఏడంటే నాకు ఒళ్లుమంట.

ఒకరోజు ఒక వ్యాగన్ నంబరు చివర 258258 అని కనిపించింది. ఏడుతో భాగిస్తే శేషం లేకుండా పోయింది. అందులో వింతేమీ లేదు, కానీ ఉత్త 258 మాత్రం ఏడుతో పోదు. ఇంటికెళ్లి 419419 వేసి చూశాను, అదీ పోయింది. ఏ మూడంకెల సంఖ్యనైనా రెండుసార్లు పక్కపక్కన రాస్తే అది ఏడుతో పోతోంది, పదకొండుతో పోతోంది, పదమూడుతో కూడా పోతోంది. అన్నం ముందు పెట్టుకుని ఆలోచిస్తుంటే అమ్మ నెత్తి మీద ఒకటి మొట్టింది. ఆ మొట్టికాయతో వెలిగిందో ఏమో, సంగతి తెలిసిపోయింది. అలా రెండుసార్లు రాయడమంటే వెయ్యిన్నొకటితో గుణించడమే. ఏడు, పదకొండు, పదమూడు కలిపి గుణిస్తే వచ్చేది సరిగ్గా ఆ వెయ్యిన్నొకటి.

ఇక అక్కణ్నుంచి దారి నున్నగా ఉంది. 245371 ఉందనుకోండి. అందులోంచి 245245 తీసేస్తే మిగిలేది 126. అది ఏడుతో పోతుంది గనక మొత్తం కూడా పోతుంది. అంటే కుడి వైపు నుంచి మూడేసి అంకెలు విడదీసి ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే చాలు, ఎంత పెద్ద సంఖ్యయినా చిన్నదైపోతుంది. విడదీసిన ముక్కలు ఎక్కువైతే ఒకటి తీసి, ఒకటి కలుపుతూ పోవాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రపంచంలో నాకొక్కదానికే తెలిసిన విషయం ఒకటుందని పదహారేళ్ల పిల్లకు అనిపిస్తే నిద్ర ఎలా పడుతుంది?

మర్నాడు క్లాసులో చెయ్యి ఎత్తి, సార్, ఏడుకి ఒక పద్ధతి దొరికిందండి అన్నాను. ఆయన నవ్వి బోర్డు దగ్గరకు పిలిచారు. అప్పటికే ఆయనకు తెనాలి చుట్టుపక్కల మంచి పేరు. ఎంత పెద్ద గుణకారమైనా నోటితో చేసేవారు. నేను సుద్దముక్కతో 245 రాసి, కామా పెట్టి, 371 రాశాను. మనం లక్షల్లో కామా రెండు తర్వాత పెడతాం కదా, 2,45,371 అని. నాకు మూడేసి అంకెలు కావాలి గనక నేను అక్కడ పెట్టాను.

“ఏంటమ్మా ఇది? కామా ఎక్కడ పెట్టాలో మూడో తరగతిలో చెప్పలేదా మీ ఊళ్లో?” అన్నారాయన. క్లాసంతా నవ్వింది. మగపిల్లలు బల్లలు చరిచారు. నేను ఆగకుండా లెక్క చేసి చూపించాను. ఆయన నవ్వు ఆగిపోయింది. బోర్డు మీది అంకెల్ని మొదటి నుంచి మళ్లీ చూసుకున్నారు.

“ఇంకో మాట ఉందండి, సార్” అన్నాను.

“చాల్లే, వెళ్లి కూర్చో. ముందు కామాలు నేర్చుకో, తర్వాత పద్ధతులు కనిపెడుదువుగాని.” బోర్డు తుడిపేశారు.

ఆ సంవత్సరం కాలేజీ వార్షికోత్సవంలో ఆయన వేదికెక్కి ఎవరైనా ఒక పెద్ద సంఖ్య చెప్పండి అన్నారు. ప్రిన్సిపాల్ ఏదో తొమ్మిదంకెల సంఖ్య చెప్పారు. ఆయన మూడేసి అంకెలు విడదీశారు. తీసేశారు, కలిపారు. ఏడుతో పోదు, పదమూడుతో పోతుంది అని చిటికె వేసి చెప్పి, “ఇది నేను స్వయంగా సాధించిన పద్ధతి” అన్నారు. హాలు దద్దరిల్లింది. నేను ముందు వరసలో ఉన్నాను. చప్పట్లు కొట్టని ఇద్దరిలో నేనొకదాన్ని, రెండో ఆయన నిద్రపోతున్నాడు.

మర్నాడు స్టాఫ్ రూముకి వెళ్లి అడిగాను. ఆ పద్ధతి నేను చెప్పింది కదండీ, సార్ అన్నాను. “నువ్వు చెప్పిందేంటమ్మా? నువ్వు తప్పు రాశావు, నేను సరిచేశాను. శిష్యుల తప్పులు దిద్దడం గురువు పని” అన్నారు. పక్కనున్న మాస్టార్లు అవునండి, అవునండి అన్నారు. కళ్లనీళ్లు కుక్కుకుని బయటికొచ్చాను. సొమ్మొకడిది సోకొకడిది అని మా అమ్మమ్మ అంటుంటే వంటింటి సామెత అనుకునేదాన్ని. అది లెక్కల్లో కూడా పనిచేస్తుందని ఆ రోజు తెలిసింది.

తర్వాత బాపట్లలో డిగ్రీ చదువుతున్నప్పుడు లైబ్రరీ పుస్తకంలో నా పద్ధతి కనిపించింది. అది చాలా పాతదట. నాకంటే ఎంతో ముందే ఎందరికో తెలుసట. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఇంకొకరైతే అక్కడితో కోపం వదిలేసేవాళ్లు. నేను వదల్లేదు. ఏటి నీళ్లు అందరివే, కానీ నేను ముంచుకుని నెత్తిన పెట్టుకున్న బిందెను లాక్కుపోయినవాణ్ని దొంగ అనే అంటారు. ఆయన ఆ పాత పుస్తకం చదివి ఉంటే నాకు గొడవే లేదు. ఆయన చదివింది నా సుద్దముక్క రాత.

ఆయన ఉద్యోగం విరమించి గణితావధాని అయ్యారు. అవధానం అంటే తెలిసిందే, ఆయన మధ్యలో కూర్చుంటారు, చుట్టూ పృచ్ఛకులు కూర్చుని తలా ఒక ప్రశ్న వేస్తారు. ఒకరు పుట్టినరోజు చెప్పి ఏ వారమో అడుగుతారు, ఒకరు ఘనమూలం అడుగుతారు. ఒకరి పని మధ్యమధ్యలో అడ్డగోలు ప్రశ్నలేసి ధ్యాస చెడగొట్టడం, దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు. అన్నిటికీ చివర ‘మహాసంఖ్య’ అని ఒక అంశం. అది నాది. ఊరూరా పందిళ్లలో, కల్యాణ మండపాల్లో నా వ్యాగన్ లెక్కకు శాలువాలు కప్పుతున్నారు. నేను బాపట్లలో లెక్కల లెక్చరర్‌గా సున్నా నుంచి అనంతం దాకా పిల్లలకు చెప్పుకుంటూ ఆ కబుర్లు వింటూ ఉండేదాన్ని.

నిరుడు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన వీడియో పెట్టారు. చూశాను. రెండోసారి చూశాను. మూడోసారి చూస్తుంటే మా ఆయన “ఏంటి, అంత నవ్వొస్తోంది?” అని అడిగారు.

నవ్వు రాక ఏమవుతుంది! మొదట్లో ఆయన ‘ఏడుతో పోదు, పదకొండుతో పోదు, పదమూడుతో పోదు’ అని ఊరుకునేవారు. అది నిజమే. కానీ పోదు పోదు అంటే జనానికి కిక్కేముంది? అందుకని ఎప్పుడు మొదలెట్టారో గాని, ఆ మూడింటితో పోకపోతే చెయ్యెత్తి ‘ఇది ప్రధాన సంఖ్య!’ అనేస్తున్నారు. అంటే తనతోనూ ఒకటితోనూ తప్ప మరి దేనితోనూ పోని సంఖ్య అని. జనం ఊగిపోతున్నారు. ఆ వీడియోలో ఆయన ప్రధానమన్న సంఖ్యను పంతొమ్మిదితో భాగించాను. చక్కగా పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నా ఇంటర్ స్నేహితురాలు రేపల్లె నుంచి ఫోన్ చేసింది. ఆ రోజు క్లాసులో నవ్వినవాళ్లలో అదీ ఉంది. దానికి గుర్తు లేదు, నాకుంది.

“ఒసేయ్, మాస్టారికి మా ఊళ్లో సన్మానం చేస్తున్నామే. అవధానం కూడా ఉంది. మహాసంఖ్య అడిగే ఆయనకి జొరమొచ్చింది. నువ్వు లెక్కల లెక్చరర్‌వి కదా, వచ్చి ఒక పెద్ద నంబరు అడిగి పోవే.”

“వస్తాను” అన్నాను. అంత మెత్తగా పలికేసరికి నాకే అనుమానమొచ్చింది.

మా ఆయన “పెద్దాయన, ఎందుకొచ్చిన గొడవ?” అన్నారు. పెద్దాయన అవడానికి కూడా నా లెక్కే తిన్నాడు అన్నాను. చూశారా, ఒక్కసారి నోరు జారింది.

ఏ సంఖ్య అడగాలి? వారం రోజులు కూరలో ఉప్పు వేశానో లేదో తెలియనంతగా వెతికాను. అడ్డదిడ్డంగా ఉండే సంఖ్య అయితే తప్పినా జనానికి అర్థం కాదు. నోటికి తిరగాలి, వినగానే గుర్తుండాలి, శుభంగా ఉండాలి. మనవాళ్లు దేన్నీ సున్నాతో ముగించరు కదా, వందైతే నూట పదహారు, వెయ్యయితే వెయ్యి నూట పదహారు. సున్నా మీద ఒకటైనా ఉండాలంటారు. అలాగే పది కోట్ల మీద ఒకటి వేశాను. పది కోట్ల ఒకటి! మొదటా ఒకటే, చివరా ఒకటే, మధ్యలో అన్నీ సున్నాలు. చూడటానికి ఎంత అమాయకంగా ఉంటుందో! రెండుతో పోదు, మూడుతో పోదు, అయిదుతో పోదు. మూడేసి అంకెలు విడదీసి నా పద్ధతి ప్రయోగిస్తే మిగిలేది నూట ఒకటి. అది ఏడుతోనూ, పదకొండుతోనూ, పదమూడుతోనూ పోదు. ఆయనకు ఇంతకన్నా ముద్దొచ్చే సంఖ్య ఉండదు. ఆ పక్క గడపలోనే పదిహేడు కూర్చుని ఉంది. పదిహేడు ఇంటూ యాభై ఎనిమిది లక్షల ఎనభై రెండు వేల మూడు వందల యాభై మూడు. సరిగ్గా పది కోట్ల ఒకటి.

ఆదివారం బాపట్లలో బస్సెక్కి చెరుకుపల్లి మీదుగా రేపల్లెలో దిగాను. కల్యాణ మండపం నిండిపోయింది. స్నేహితురాలు మైకులో నన్ను బాపట్ల మేడమ్ అని, లెక్చరర్ అని పరిచయం చేసి, మా అత్తగారి ఇంటిపేరుతో నా పేరు చదివింది. ఆయన తల పంకించారు. నా వైపు చూడను కూడా లేదు. జుట్టంతా తెల్లబడింది, గొంతు మాత్రం అదే. ఆ గొంతు వినగానే నాకు పదహారేళ్లు వచ్చేశాయి, ఆ వయసు నాటి మంట కూడా వచ్చింది. జాలి వస్తుందేమోనని భయపడ్డాను గాని, అది రాలేదు.

వారాలు చెప్పారు, ఘనమూలాలు చెప్పారు. నిజం చెప్పొద్దూ, అవి బాగానే చెప్పారు. అప్రస్తుతం అడిగే ఆయన తెలుగు పండితుడు, బొద్దుగా సరదాగా ఉన్నాడు. “అవధాని గారూ, ఇడ్లీకి చట్నీని కూడాలా, గుణించాలా?” అని అడిగి నవ్విస్తున్నాడు. నా వంతు వచ్చింది.

“పది కోట్ల ఒకటి, సార్. ఇది ప్రధాన సంఖ్యా, కాదా?”

జనం ఆహా అన్నారు. ఆయన ముఖం వెలిగిపోయింది. “మేడమ్ గారు మంచి మంగళకరమైన సంఖ్య ఇచ్చారండి” అన్నారు. కళ్లు మూసుకున్నారు. వేళ్లు కదిపారు. “నా పద్ధతిలో చూస్తే మిగిలింది నూట ఒకటి. అది ఏడుకి లొంగదు, పదకొండుకి లొంగదు, పదమూడుకి లొంగదు. పైగా ఆ నూట ఒకటే ఒక ప్రధాన సంఖ్య! కాబట్టి సభకు నమస్కరించి చెబుతున్నాను, పది కోట్ల ఒకటి ప్రధాన సంఖ్య!”

చప్పట్లు. అవి పూర్తిగా అయ్యేదాకా ఆగాను. ఒక్క చప్పట కూడా వృథా పోకూడదనిపించింది.

“పదిహేడుతో పోతుందండి” అన్నాను మైకులో.

ఆయన కళ్లు తెరిచారు. “ఏంటమ్మా?”

“పదిహేడుతో భాగించండి, సార్. శేషం రాదు.”

పండితుడు ఇదేదో తన అప్రస్తుతంలో భాగమనుకున్నాడు. “చూద్దాం, చూద్దాం” అంటూ సెల్ తీసి అంకెలు నొక్కాడు. నొక్కిన వాడు నవ్వు మానేశాడు. మళ్లీ నొక్కాడు. “పోతోందండి” అన్నాడు, మైకు దగ్గరుందని మరిచిపోయి. హాల్లో అందరూ సెల్లులు తీశారు. ఒక మూల నుంచి పోతోంది అన్నారు, ఇంకో మూల నుంచి అవునండి, పోతోంది అన్నారు.

ముప్పై ఏళ్లుగా నేను కలలు కన్న నిశ్శబ్దం అది. చెవులారా విన్నాను. చాలా బాగుంది, అబద్ధం ఎందుకు.

ఆయన మంచినీళ్లు తాగారు. గ్లాసు కింద పెట్టి మైకు దగ్గరకు లాక్కున్నారు. అప్పుడు అన్న మాట నేను కలలో కూడా ఊహించలేదు.

“సభవారు క్షమించాలి. ఈ పద్ధతి నిజానికి నాది కాదండి. ఎప్పుడో తెనాలిలో చదువు చెప్పేటప్పుడు ఒక ఆడపిల్ల బోర్డు మీద రాసింది. చిన్నపిల్ల కదా అని నమ్మాను. అది తప్పుడు పద్ధతని ఇవాళ తెలిసింది.”

ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాం. మద్దెల దొంగిలించి, జీవితమంతా దాని మీద దరువేసి, చివరికి అడుగు తప్పగానే ఇది ఫలానా వాళ్ల మద్దెల అనడం ఆ రోజే చూశాను. ఇన్నాళ్లుగా నేను అడిగిన ఆ ఒక్క మాటా వచ్చింది. మైకులోనే వచ్చింది, పది మంది ముందే వచ్చింది. చప్పట్లన్నీ ఆయన దగ్గరే ఉంచుకుని, తప్పుని మాత్రం నా పేరున పంపించారు.

నేను లేచి నిలబడ్డాను.

“ఆ ఆడపిల్లని నేనే, సార్.”

ఆయన నన్ను మొదటిసారి చూశారు.

“పద్ధతి తప్పు కాదండి. అది ఏడు, పదకొండు, పదమూడు, ఈ మూడింటి సంగతే చెబుతుంది. పదిహేడు సంగతి దానికి తెలియదు, పంతొమ్మిది సంగతీ తెలియదు. ఆ రోజు బోర్డు దగ్గర ఇంకో మాట ఉందండి అన్నాను. ఆ మాట ఇదే. మీరు కూర్చోమన్నారు. పద్ధతి తీసుకున్నారు గాని, అది ఎక్కడిదాకా పనికొస్తుందో అడగలేదు. సొంతంగా కనిపెట్టినవాళ్లకి దాని హద్దు తెలుస్తుంది, సార్.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొడతారని నేనూ అనుకోలేదు. స్నేహితురాలు గబగబా వచ్చి, ఇప్పుడు సన్మాన కార్యక్రమం అని మైకు అందుకుంది. శాలువా కప్పారు, దండ వేశారు. ఆయన మెడ వంచి అన్నీ వేయించుకున్నారు.

భోజనాల దగ్గర స్నేహితురాలు నన్ను ఒక పక్కకు లాగింది. “ఏంటే అది? ఎనభై దగ్గరపడ్డాయి ఆయనకి. రేపేమైనా అయితే?”

“నాకు పదహారేళ్లప్పుడు నాకేమైనా అవుతుందని ఎవరైనా అనుకున్నారా?” అన్నాను. పెరుగన్నం కూడా వడ్డించుకుని తిన్నాను. బ్రహ్మాండంగా ఉంది.

చెయ్యి కడుక్కుని వస్తుంటే ఆయన వరండాలో కుర్చీలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. దండ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. దాటి వెళ్లిపోదామనుకున్నాను. “అమ్మా” అని పిలిచారు. ఆగాను.

“వచ్చే నెల అమృతలూరులో అవధానం ఒప్పుకున్నానమ్మా. ఆ అంశం లేకపోతే నాకింకేం లేదు. జనం దాని కోసమే వస్తారు. చేసుకోమంటావా?”

ఈ ప్రశ్న అప్పుడే ఆ పదహారేళ్ల పిల్లని అడిగి ఉంటే, తీసుకోండి సార్ అని కాళ్లకు దండం పెట్టి ఇచ్చేది. అదే చెప్పాను.

“చేసుకోండి” అన్నాను. “మూడింటితో పోతుందో లేదో చెప్పండి. ప్రధానం అనకండి. మొదలుపెట్టే ముందు ఎవరిదో చెప్పండి. ఒక ఆడపిల్ల అంటే కుదరదు. పేరు చెప్పాలి.”

ఆయన తలూపారు. దండలో పువ్వు ఒకటి తుంపి వేళ్ల మధ్య నలిపారు. తర్వాత తల ఎత్తకుండా, చాలా చిన్న గొంతుతో అడిగారు.

“నీ పేరేంటమ్మా?”

రెండేళ్లు రోజూ హాజరు పిలిచిన మనిషి. ఇందాకే మైకులో స్నేహితురాలు నా పేరు చదివింది కూడా. నా లెక్కలో ప్రతి మెట్టూ గుర్తుంది, నేను మాత్రం గుర్తు లేను. కడుపులో ఇంకా ఏమైనా జాలి మిగిలి ఉంటే అది కూడా ఆ క్షణంలోనే ఆరిపోయింది.

పక్కనున్న కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. పుట్టింటి ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాను. ఆయన పలికారు, ఇంటిపేరులో ఒక అక్షరం మింగేశారు. మళ్లీ చెప్పించాను. ఈసారి పేరు తడబడింది. బయట బాపట్ల బస్సు హారన్ కొడుతోంది. పోతే పోనీ అనుకుని, “మళ్లీ చెప్పండి, సార్” అన్నాను.